బీరకాయల గంపలోంచి వచ్చిన ఫొటో

ఆ రోజుల్లో నాకు రెండు సంగతుల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నేను తెలివైనవాణ్ణని. రెండు, ఆ సంగతి ఇవాళ కాకపోతే రేపైనా మా సారు కనిపెడతారని. ఇప్పుడు రెండింటి మీదా అంత పట్టుదల లేదు గానీ, అప్పట్లో ఆ నమ్మకాన్ని టిఫిన్ డబ్బాతో పాటు సంచీలో పెట్టుకుని, ఉక్కునగరంలో స్టీల్ ప్లాంట్ వాళ్ళు నాన్నకిచ్చిన క్వార్టర్ నుంచి రుషికొండ దాకా రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. కొండ మీద మా ఆఫీసు. పదిమంది ఉద్యోగులం, నాలుగు గదులు, కిటికీ తీస్తే సముద్రం. ఆ సముద్రంలో మాటలు పంపించడమే మా పని. నీళ్ళలో రేడియో పనికిరాదు, నాలుగడుగులు వెళ్ళేలోగా ప్రాణం వదులుతుంది. శబ్దం మాత్రం హాయిగా మైళ్ళకొద్దీ ఈదుతుంది (తిమింగలాలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు, మాకే కాలేజీలో డబ్బు కట్టాక తెలిసింది). అందుకని ఫొటోని శబ్దంగా మార్చి ఒక చోట నీళ్ళలోకి కూయించి, ఇంకో చోట ఆ కూత విని మళ్ళీ ఫొటోగా మార్చే పెట్టె ఒకటి తయారుచేస్తున్నాం. దాని పేరు మోడెమ్. అలాంటివి లోకంలో ముందే ఉన్నాయి. కాకపోతే అవన్నీ ముసలివాళ్ళు మెట్లెక్కినట్టు నిదానంగా మాట్లాడతాయి. మాది గబగబా మాట్లాడాలి. అదీ మా కంపెనీ పంతం.

మా సారుని మేం డెసిబెల్ సారనేవాళ్ళం, ఆయన లేనప్పుడు. ఆయన దేన్నయినా శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్‌లోనే కొలిచేవారు. పప్పులో ఉప్పు తగ్గితే "మూడు డెసిబెల్స్ తక్కువైంది" అని పక్కకి జరిపేసేవారు. అప్పటికి ఆయనకి నలభై దాటి ఉండవు గానీ, నా కళ్ళకి పురాణ పురుషుడిలా కనబడేవారు. నాతో పాటు ఉద్యోగంలో చేరిన సబ్బవరం కుర్రాడొకడు ఉండేవాడు. అతను నన్ను బావా అంటాడు, నేనతన్ని బావా అంటాను, కింద టీ కొట్టతను మా ఇద్దర్నీ బావా అంటాడు, ముగ్గురికీ ఏ చుట్టరికమూ లేదు. బావకి టంకం వేయడంలో చెయ్యి బాగా తిరిగింది. నాకు ప్రోగ్రాం రాయడంలో తిరిగిందని నేననుకునేవాణ్ణి.

సముద్రంలో నాలుగు నెలలు ప్రయత్నించాం. పోర్టు పక్కన సముద్రం పైకి ప్రశాంతంగా కనబడుతుంది గానీ, లోపల పెళ్ళివారి విడిది. ఓడల పంకాలు, టగ్గుల రొద, అడుగున చిటికెలు వేసే చిట్టి రొయ్యలు. ఈ గోలలో మా మోడెమ్ కూత ఎవడికి వినబడుతుంది? అవతలి పడవలో దిగిన ఫొటో మాడిన ఉప్మాలా ఉండేది. పడవ నడిపే సరంగు ఒకరోజు చూసి చూసి, "బాబూ, ఆ పడవలోనోడు మనోడే కదేటి? ఫోన్ సేసీరాదా?" అన్నాడు. నవ్వేశాం గానీ, ఆ వారమే డెసిబెల్ సారు నన్ను పిలిచి, "ఈ నెలాఖరులోగా నీళ్ళలోంచి ఒక్క ఫొటో వేగంగా, తప్పుల్లేకుండా రావాలి. లేకపోతే నిన్ను పర్మనెంట్ చెయ్యమని నేను పైవాళ్ళకి చెప్పలేను" అన్నారు. అంటే ఉద్యోగం ఊడుతుందని అర్థం. మా నాన్న అప్పటికే ప్లాంట్‌లో తన షిఫ్టు మొత్తానికి "మావాడు సముద్రం అడుగున ఇంటర్నెట్ ఎడతన్నాడు" అని చెప్పుకున్నాడు.

అప్పుడు బావ అన్నాడు, "గోల నేని నీళ్ళు కావాలంటే మా పిన్ని నుయ్యుంది బావా." సబ్బవరం దాటాక వాళ్ళమ్మ చెల్లెలి పొలం. పొలంలో ఇంత వెడల్పున దిగుడు నుయ్యి, గట్టున మోటారు కొట్టు, చుట్టూ బీరపాదులు, ఒక గేదె. ఓడలు లేవు, రొయ్యలు లేవు. కప్పలున్నాయి గానీ అవి పగలు మర్యాదగానే ఉంటాయి. మా మోడెమ్‌కి నోరూ చెవీ రెండూ అయిన నల్లటి రబ్బరు ముద్ద ఒకటి ఉంటుంది. దాన్ని మేం గుండు అనేవాళ్ళం. రెండు గుండ్లనీ తాళ్ళు కట్టి నూతిలోకి ఆ దరినొకటి, ఈ దరినొకటి దింపాం. తీగలు మోటారు కొట్టులో బల్ల మీదున్న రెండు పెట్టెలకి వచ్చేవి. వారం రోజులు బ్యాటరీలతో నడిపాం. పంపిన ఫొటో పిన్ని గేదెది (బావ తీశాడు, గేదె కూడా అభ్యంతరం చెప్పలేదు). అది దిగడానికి పదకొండు నిమిషాలు పట్టేది, పదిసార్లలో ఆరుసార్లు మధ్యలో ఆగిపోయేది.

శనివారం నాడు బ్యాటరీలు చచ్చిపోతే కరెంటు అడాప్టర్లు పెట్టాం. వాటిలో ఒకటి వోల్టేజీకి మాడిపోయింది. బావ మిగిలినదాన్ని తీసుకుని, "ఒక్కదాంతోనే రెండిటికీ ఇచ్చీనాను బావా" అన్నాడు. అదే గంటలో నేను ప్రోగ్రాంలో ఒక లైను మార్చాను. మీట నొక్కగానే గేదె రెండు సెకన్లలో వచ్చేసింది! కొమ్ములతో, తోకతో, వీపు మీద కాకితో సహా. మళ్ళీ నొక్కాను, మళ్ళీ వచ్చింది. యాభైసార్లు నొక్కితే యాభైసార్లూ వచ్చింది, ఒక్క తప్పు లేదు. లోకంలో ఎవరికీ అంత వేగం రాలేదు. ఆ లైను రాసిన చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాను. అడాప్టర్ సంగతి నాకు గుర్తే లేదు. మనం గొప్పవాళ్ళమయ్యే రోజున అడాప్టర్లు ఎవరికి గుర్తుంటాయి?

సారుకి ఫోన్ చేశాను. రిపోర్టు పంపమన్నారు. పంపాను, ఆ పద్ధతికి పేరు కూడా ప్రతిపాదించాను (ఏ పేరో చెప్పను, మీరు ఊహించిందే). సాయంత్రానికల్లా సారు దగ్గర్నుంచి కబురు. ఢిల్లీ నుంచి వేరే పని మీద వస్తున్న పెద్దవాళ్ళకి ఆ రిపోర్టు చేరింది, మంగళవారం నూతి దగ్గరికే వచ్చి కళ్ళారా చూస్తారట. వాళ్ళకి నచ్చితే ప్రాజెక్టు నిలుస్తుంది, నేను పర్మనెంటవుతాను. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మాట పూర్తిగా వినకుండానే చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడని అమ్మ చెప్పింది. మా క్వార్టర్ల సెక్టార్‌లో ఎంతమంది తలుపులు కొట్టాడో తరవాత తెలిసింది.

ఆదివారం పొద్దున్న, గేదె ఫొటోని ఆగకుండా పంపుతూ ఉండమని లాప్‌టాప్‌కి చెప్పి, నేనూ బావా సబ్బవరం జంక్షన్‌కి ఇడ్లీ తినడానికి వెళ్ళాం. ఇడ్లీ తిన్నంతసేపూ పర్మనెంటయ్యాక ఏ బండి కొనాలో మాట్లాడుకున్నాం. తిరిగొచ్చేసరికి నూతి మోటారు నడుస్తోంది, కాలవలో నీళ్ళు పారుతున్నాయి. పొలాలకి త్రీఫేజ్ కరెంటు వాళ్ళిచ్చినప్పుడే వస్తుంది, వచ్చినప్పుడు నీళ్ళు పెట్టుకోకపోతే మళ్ళీ ఎప్పుడో తెలీదు. కొట్టులో లాప్‌టాప్ మీద గేదె మీద గేదె, గేదె మీద గేదె, రెండు సెకన్లకొకటి దిగుతోంది. తప్పులు సున్నా. మోటారు అంత రొద చేస్తున్నా నా ప్రోగ్రాం చెక్కు చెదరలేదే అని ఛాతీ పొంగించుకుని బయటికొచ్చాను.

పిన్ని పాదుల్లోంచి గంప పట్టుకుని వస్తోంది. "ఏటి నాయినా, బేగి వచ్చీసినారు. కరెంటొచ్చీసింది, మీరు నేరు. ఆ నల్లముద్దలు మోటారు గొట్టానికి అడ్డం వత్తాయని తీసీనాను. ఏటీ అవలేదు, జాగర్తగానే ఎట్టినాను" అంది.

ఎక్కడ పెట్టావని అడిగాను. ఒకటి పందిరి గుంజకి వేలాడుతోంది, ఎండలో, పొడిగా. రెండోది గుమ్మం పక్కనున్న ఇంకో గంపలో బీరకాయల మధ్య పడుకుని ఉంది. నేను కొట్టులోకి పరుగెత్తి చూశాను. గేదె. మళ్ళీ బయటికొచ్చి చూశాను. బీరకాయలు. మళ్ళీ లోపలికి. గేదె.

బావ మెల్లగా వెళ్ళి బల్ల వెనక అడాప్టర్ వంక చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. రెండు పెట్టెలూ ఒకే అడాప్టర్‌కి అంటుకుని ఉన్నాయి. ఈ పెట్టె పంపిన సంకేతం, నీళ్ళలోకి దిగి తడవడం ఎందుకనుకుని, వెనక కరెంటు తీగ పట్టుకుని ఆ పెట్టెలోకి దర్జాగా నడిచి వెళ్ళిపోతోంది. రెండు రోజులుగా నేను ప్రపంచాన్ని జయించింది జానెడు తీగలో! నా లైను తీసేసి నడిపి చూశాను. గేదె అంతే వేగంగా వచ్చింది. వెళ్ళి నూతి గట్టు మీద కూలబడ్డాను.

"అయితే ఏటైపోనాది ఇప్పుడు?" అన్నాడు బావ. "మంగళారం ఇదే అడాప్టర్ ఎడదాం. ఆళ్ళు వత్తారు, నూతిలోకి తొంగి సూత్తారు, ఫొటో సూత్తారు, పిన్ని ఎట్టిన బోజనం తింతారు, ఎల్పోతారు. నీ ఉద్యోగం నీకుంటాది, నా ఉద్యోగం నాకుంటాది."

"దొరికిపోతే?"

"పోనీ ఇంకోటి సెప్తాను. పిన్ని పీకీసింది, గుండ్లు పాడైపోనాయి, అందికే ఇప్పుడు పంజెయ్యట్నేదు అందాం. అబద్దం ఏటుంది ఇందులో? పీకింది కదా."

అది నాకు నచ్చింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, చాలా నచ్చింది. నా రిపోర్టు నిలబడుతుంది, నా పేరు పెట్టిన పద్ధతి నిలబడుతుంది, మా నాన్న పరువు నిలబడుతుంది. ఎవరో పల్లెటూరావిడ మీద పడేదల్లా తెలియక చేసిన తప్పన్న ఒక్క మాట. ఆవిణ్ణి ఢిల్లీవాళ్ళు మళ్ళీ జన్మలో చూడరు. ఇదంతా ఆలోచిస్తున్న ముఖం ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, పిన్ని దగ్గరకొచ్చి గంప దించి, నా ఎదురుగా గట్టు మీద కూర్చుంది.

"బాబూ, నాను తియ్యడం వల్ల పాడైపోనాదా?"

నేను గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చున్నాను.

"అయితే నా మీద ఎట్టీండి. నాకేటవుతాది? మీ సారు నన్ను ఉద్యోగంలోంచి తీసేత్తాడేటి?" అని నవ్వింది. తరవాత నవ్వాపి, "నిజంగానే సెప్తన్నాను బాబూ. మొగోళ్ళు, ఉద్యోగస్తులు, మీకు పేరు పోతే కట్టం. ఆయనొత్తే నానే సెప్తాను, సదువు నేనిదాన్ని, తెలక తీసీనానని" అంది. చెప్పేసి, ఇదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు, మా కోసం మజ్జిగ తేవడానికి లేచి వెళ్ళింది.

ఆవిడ అలా ఒప్పుకోకుండా, నాలుగు తిట్లు తిట్టి ఉంటే, బావ చెప్పినట్టే చేసి ఉండేవాణ్ణేమో. దేవుడి మీద ఒట్టు, ఇప్పటికీ నాకు తెలీదు. ఫోన్ తీసి సారుకి కలిపాను. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే కలిపేశాను, తేల్చుకునేదాకా ఆగితే ఇక కలపనని భయమేసి. ఆయన ఎత్తారు. నా నోట మొదటి మాట బావ చెప్పిందే వచ్చింది. "సార్, ఇక్కడ పిన్ని గుండ్లు రెండూ నీళ్ళలోంచి తీసేసింది సార్" అన్నాను. అక్కడ ఆగాను. పిన్ని రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకుని వస్తోంది. "తీసేసినా ఫొటో వస్తోంది సార్" అన్నాను.

ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను.

"ఏ వేగంతో వస్తోంది?" అన్నారు చివరికి.

"అదే వేగం సార్. కొంచెం ఎక్కువే ఉంది." (ఆయన్ని ఓదారుద్దామనుకున్నాను కాబోలు.)

అడాప్టర్ సంగతి, నా లైను సంగతి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "వాళ్ళు బయల్దేరిపోయారు. ఒక్కో పెట్టెకి ఒక్కో బ్యాటరీ పెట్టి ఉంచు" అని పెట్టేశారు. తిట్టకపోవడం కంటే పెద్ద తిట్టు ఉండదని ఆ రోజు తెలుసుకున్నాను. బావ మాత్రం మజ్జిగ తాగుతూ, "సంపీసినావు బావా" అన్నాడు ప్రశాంతంగా. ఆ రాత్రి ఇంటికెళ్ళి నాన్నకీ చెప్పాను. ఆయన షిఫ్టుకి తయారవుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టుకోవడం పూర్తిచేసి, "మావోళ్ళకి అదేటో మొన్నా అర్థం కాలేదు, రేపూ అర్థం కాదు. నువ్వు తిండి తిను" అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు గానీ, రోజూ వీధంతా కొట్టుకుంటూ వెళ్ళే బెల్లు, ఆ రోజు మలుపు దాకా ఒక్కసారి కూడా కొట్టలేదు.

మంగళవారం ముగ్గురొచ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక తెల్లమీసాలాయన. ఆయన అడిగేవాడు, మిగతా ఇద్దరూ రాసుకునేవాళ్ళు. సారు మాసిన ముఖంతో వెనక నిలబడ్డారు. రెండు రాత్రులు నిద్రపోయినట్టు లేరు. గుండ్లు దింపి, బ్యాటరీలు కలిపి మీట నొక్కాను. ముందు కొంచెం ఆకాశం దిగింది. తరవాత ఇంకొంచెం ఆకాశం. ముగ్గురు పెద్దమనుషులు మోటారు కొట్టులో ముక్కాలిపీటల మీద కూర్చుని గేదె కోసం ఎదురుచూస్తున్నారు. నాలుగో నిమిషానికి కాకి తల వచ్చింది. ఆరో నిమిషానికి కొమ్ములు. "ఏనుగేమో అనుకున్నాను" అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు. పిన్ని గుమ్మంలోంచి, "మా గేదె అలగే వత్తాది బాబూ, పిలిసినా బేగి రాదు" అంది. పదకొండో నిమిషానికి డెక్కల దగ్గర ఆగిపోయింది. ఇంకొకసారి పంపాం, అప్పుడు పూర్తిగా వచ్చింది.

తెల్లమీసాలాయన సంచీలోంచి నా శనివారం రిపోర్టు తీశాడు. కళ్ళజోడు సవరించుకుని, "ఇందులో రెండు సెకన్లని ఉంది" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాడు. ఆ కొట్టులో అందరూ నా వైపు తిరిగారు. పిన్ని కొంగు దోపుకుని ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ నిజంగానే చెప్పేసేలా ఉంది, తనే తీశానని. పర్మనెంటూ వద్దు, బండీ వద్దు, ఈ నిమిషం గడిస్తే చాలనిపించింది. నోరు తెరిచాను.

"తప్పు నాది" అన్నారు డెసిబెల్ సారు.

వెనక్కి తిరిగి చూశాను. ఆయన నా వంక చూడటం లేదు. "శనివారం ఆ అంకె చూడగానే లెక్క వేసుకున్నాను. ఆ నీళ్ళలో అంత వేగం రాదని అప్పుడే తెలిసింది. అయినా మీకు పంపాను. మీరొస్తున్నారు కదా, నిజమైతే బాగుణ్ణనిపించింది. ఈ అబ్బాయి ఆదివారం తనంతట తనే ఫోన్ చేసి చెప్పాడు. నేను మాత్రం ఇప్పటిదాకా మీకు చెప్పలేదు." అంతే. మామూలు గొంతుతోనే అన్నారు, ఎవరో టైమెంతైందని అడిగితే చెప్పినట్టు.

తెల్లమీసాలాయన రెండు సెకన్లన్నది కొట్టేసి, పైన పదకొండు నిమిషాలని రాసుకున్నాడు. పిన్ని ఆకులు వేసి బీరకాయ కూర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, చేపల పులుసు వడ్డించింది. ముగ్గురూ తృప్తిగా తిన్నారు. అవుననలేదు, కాదనలేదు, ఆరు నెలలాగి మళ్ళీ చూస్తామని కారెక్కారు. నాక్కూడా ఆ ఆరు నెలలే గడువు పెంచారు. సారు వెళ్ళేముందు పిన్నికి నమస్కారం పెట్టి, "కూర బాగుందమ్మా" అన్నారు, డెసిబెల్స్ ఊసెత్తకుండా. నాతో ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను థాంక్స్ చెబుదామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళి, రెండుసార్లూ సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

ఇప్పుడు నాకు ఆనాటి ఆయన వయసు వచ్చింది. ఆయన కుర్చీ వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, నెత్తి మీద జుట్టు ఆయనకంటే కాస్త ముందే పోయింది. మోడెమ్‌లు సముద్రంలోనే మాట్లాడుతున్నాయి, రెండు సెకన్లలో కాదు గానీ, మనుషులు పీట మీద కూర్చుని ఎదురుచూసేంత ఆలస్యంగానూ కాదు. ఆయన ఆ రోజన్న "తప్పు నాది" అనే రెండు మాటలు అనాల్సిన సందర్భాలు ఈ కుర్చీలో నాకు మూడుసార్లు తగిలాయి. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి ఫోనొచ్చింది. మొన్నామధ్య మూడోసారి, ఎదురుగా పెద్దవాళ్ళు కూర్చుని ఉండగా, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె నా తప్పుకి తను జవాబు చెప్పబోతూ నోరు తెరిచింది. నేనే ముందు అనేశాను. అయితే ఉన్న మాట చెప్పుకోవాలి కదా, ఆయన టైమెంతో చెప్పినట్టు అనేసిన ఆ రెండు మాటలకి, నాకు రెండు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.